శనివారం అమావాస్య, పట్టపగలు చీకటి

1980 ఫిబ్రవరి 16. శనివారం. పైగా అమావాస్య.

మధ్యాహ్నం రెండు గంటలు. వనపర్తి బజారులో నరమానవుడు లేడు. మాఘమాసపు ఎండ చుర్రుమంటోంది. దుకాణాల తలుపులు పడిపోయాయి. గుళ్లకు తాళాలు పడ్డాయి. శివరాత్రి జాగారం చేసి రెండు రోజులే అయింది, ఆ నిద్ర ఇంకా కళ్లలోనే ఉంది, ఇంతలోనే మళ్లీ ఉపవాసం. సూర్యగ్రహణానికి నాలుగు జాముల ముందు నుంచే మెతుకు ముట్టకూడదు కాబట్టి తెల్లారినప్పటి నుంచి ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు.

ఏ ఇంటి తలుపు తోసినా లోపల ఒకటే తంతు. ఆవకాయ జాడీ మీద గరికపోచ. నీళ్ల బిందె మీద గరికపోచ. నట్టింట్లో ఇత్తడి పళ్లెం, అందులో పసుపు నీళ్లు. ఇంటి పెద్దావిడ రోకలి తెచ్చి పళ్లెం మధ్యలో నిలబెడుతుంది. రెండు చేతులూ మెల్లగా వదులుతుంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

రోకలి పడలేదు.

"చూసిన్రా? పట్టింది!"

పక్క గదిలో చీకటి. కిటికీకి దుప్పటి కట్టారు. చాప మీద కడుపుతో ఉన్న కోడలు వెల్లకిలా పడుకుంది. పక్కకు ఒత్తిగిల్లకూడదు. కాళ్లు ముడవకూడదు. గోక్కోకూడదు. కత్తిపీట, సూది, కత్తెర పొద్దున్నే అటక ఎక్కాయి.

"అత్తమ్మా, దూపైతుంది."

"జర ఓర్సుకో బిడ్డా. విడిసేదాంక గుక్క కూడా మింగొద్దు. నీ కోసం కాదు, లోపలున్న దాని కోసం."

ఆ మధ్యాహ్నం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఊళ్లలో కడుపుతో ఉన్న కోడలు ఎన్ని ఇళ్లలో ఉందో అన్ని ఇళ్లదీ ఇదే కథ. అందుకే పేర్లు అక్కర్లేదు. ఆ గదిలో ఉన్న భయానికి మాత్రం పేరుంది. గ్రహణం మొర్రి. తల్లి ఒక్క పొరపాటు చేస్తే పుట్టే బిడ్డ పై పెదవి చీలిపోతుందట.

అప్పటికి ఆ నీడ అరేబియా సముద్రం వైపు దూసుకొస్తోంది.

అట్లాంటిక్‌లో మొదలై, ఆఫ్రికాను అడ్డంగా దాటి, సముద్రం మీదుగా కన్నడ తీరానికి చేరి, అక్కడి నుంచి రాయచూరు నేలను ఒరుసుకుంటూ తెలంగాణలోకి వచ్చే ఆ చందమామ నీడకు విమానం కన్నా ఎక్కువ వేగం ఉంది. దాని దారిని, వేళను శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ల ముందే సెకన్లతో సహా కాగితం మీద గీసి పెట్టుకున్నారు. పడమట రాయచూరు జిల్లా జవళగెరలో భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్లు గుడారాలు వేశారు. తూర్పున, హైదరాబాదుకు ఆగ్నేయంగా జపాల్–రంగాపురంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాల ఉంది. అక్కడ 48 అంగుళాల దుర్భిణి. నీడ మొదటి చోటి నుంచి రెండో చోటికి పోవాలంటే మధ్యలో ఈ మూడు ఊళ్ల మీదుగానే పోవాలి.

రెండు చోట్లా కళ్లన్నీ ఆకాశం మీదే ఉన్నాయి. మధ్యలో తలుపులన్నీ మూసి ఉన్నాయి.

జనాన్ని తప్పుపట్టే ముందు ఒకటి గుర్తు చేసుకోవాలి. అప్పటికి ఏడు నెలల కిందట, 1979 జులైలో, ఇదే జనం స్కైలాబ్ నెత్తిన పడుతుందని వణికిపోయారు. కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు. చచ్చేలోగా ఒక్క పూట కడుపునిండా తిందామని అప్పులు చేశారు. అది రాహువూ కాదు, కేతువూ కాదు. అమెరికా వాళ్లు పైకి పంపిన ప్రయోగశాల. చివరికి హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి ఎడారిలో ముక్కలై పడింది. పైనుంచి ఏదో వస్తుందంటారు, ఎప్పుడొస్తుందో చెబుతారు, ఎందుకొస్తుందో మాత్రం పల్లెకొచ్చి విడమరిచి చెప్పేవాడు ఉండడు. ఆ ఖాళీలోకి భయం వచ్చి కూర్చుంటుంది. 1980లో రేడియో, పేపర్లు చేసిన హెచ్చరిక సరైనదే. ఉత్త కళ్లతో సూర్యుణ్ని చూడొద్దన్నారు. ఊరు దాన్ని మరోలా విన్నది. అసలు బయటికే రావొద్దన్నారట!

రెండున్నర ప్రాంతంలో సూర్యుడి అంచు మీద నల్లటి గాటు పడింది.

ఇదే వనపర్తి. ఇదే ఆకాశం. 111 ఏళ్ల కిందట ఇక్కడ ఒక మనిషి ఈ గాటు కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురు చూశాడు.

1868 ఆగస్టు 18. మంగళవారం. విభవ నామ సంవత్సరం, శ్రావణ బహుళ అమావాస్య.

ఆయన పేరు చింతామణి రఘునాథాచారి. పంచాంగకర్తల ఇంట పుట్టాడు. తిథి, వారం, నక్షత్రం ఉగ్గుపాలతో అబ్బాయి. మద్రాసు నుంగంబాకంలోని కంపెనీవారి వేధశాలలో చిన్నతనంలోనే కొలువులో చేరి, రాత్రుళ్లు నక్షత్రాలు మధ్యాహ్నరేఖ దాటే క్షణాలను నమోదు చేస్తూ, మెట్టు మెట్టుగా ఎదిగి, ప్రభుత్వ ఖగోళవేత్త నార్మన్ పాగ్సన్ కింద మొదటి సహాయకుడయ్యాడు. 1867లో రెటిక్యులం అనే దక్షిణాకాశపు నక్షత్రరాశిలో వెలుగు మారే చుక్కనొకదాన్ని పట్టుకున్నాడు. ఆధునిక ఖగోళశాస్త్రంలో ఒక భారతీయుడి పేరిట నమోదైన తొలి ఆవిష్కరణల్లో అదొకటి.

పాగ్సన్ తాను మచిలీపట్నం వెళ్లాడు. వనపర్తి బాధ్యత రఘునాథాచారికి అప్పగించాడు.

అది తేలికైన ప్రయాణం కాదు. రాయచూరుకు రైలు రావడానికి ఇంకా మూడేళ్లుంది. మద్రాసు వైపు నుంచి వనపర్తి చేరాలంటే కృష్ణ దాటాలి. ఆగస్టులో కృష్ణంటే గట్టులొరుసుకునే ఎర్రనీళ్లు. కుదుపు తగిలితే కన్ను తప్పే గాజు కటకాలు, చెమ్మ తగిలితే నడక తప్పే గడియారాలు. రాజా మొదటి రామేశ్వరరావు 1866లోనే కన్నుమూశాడు. నిజాం ఏలుబడిలోని ఆ సంస్థానంలో, వానాకాలం నడిమధ్యలో, కొన్ని నిమిషాల దృశ్యం కోసం దుర్భిణి నిలబెట్టాలి. ఒక్క మబ్బు అడ్డొస్తే నెలల కష్టం గంగలో కలుస్తుంది.

ఆ పొద్దున అదే నీడ దారిలో, తూర్పున, గుంటూరులో ఒక ఫ్రెంచివాడు ఇంటి పైకప్పు మీద వర్ణపటదర్శినికి కన్ను ఆనించి నిల్చున్నాడు. పేరు పియెర్ జాన్సెన్. సూర్యుడు పూర్తిగా మూసుకుపోగానే అంచు చుట్టూ ఎర్రటి జ్వాలలు లేచాయి. వాటి వెలుగును విడదీసి చూస్తే గీతలు మెరిశాయి. ఎంత మెరిశాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనబడితీరాలని అతనికి అనిపించింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ గురిపెట్టాడు. కనిపించాయి! అంతవరకూ గ్రహణం వేళ మాత్రమే దొరికే దృశ్యం ఆ రోజు నుంచి ఎప్పుడంటే అప్పుడు దొరకడం మొదలైంది. ఆ గ్రహణంలో పలువురికి కనబడిన పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. ఆ గీత వెనకున్న కొత్త మూలకానికి తర్వాత హీలియం అని పేరు పెట్టారు. ఆ మూలకం భూమ్మీద చేతికి చిక్కింది 1895లో.

మచిలీపట్నంలో పాగ్సన్ కూడా వర్ణపటం చూశాడు. ఆ ఏడాది ఆయన అచ్చు వేయించిన నివేదిక శీర్షికలోనే మచిలీపట్నం పక్కన, మద్రాసు కన్నా ముందు, వనపర్తి పేరుంది. ఈ ఊరి పిల్లలకు బడిలో చెప్పాల్సిన సంగతి అది. చెప్పినట్టు లేదు.

ఇంకా తూర్పున, సయాంలో, మరో కథ నడుస్తోంది. అక్కడి రాజు మోంగ్‌కుట్ 27 ఏళ్లు బౌద్ధ భిక్షువుగా ఉండి సింహాసనమెక్కిన మనిషి. గ్రహణాన్ని తానే లెక్కకట్టాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞులను, బ్రిటిషు అధికారులను పిలిచి, అడవిలో విడిది వేసి, పరివారంతో సహా చూశాడు. లెక్క తప్పలేదు. అడవి దోమ మాత్రం కుట్టింది. మలేరియాతో అక్టోబరు 1న చనిపోయాడు. పక్కనే ఉన్న కొడుకు చులాలంగ్‌కార్న్‌కూ అదే జ్వరం. అతను బతికి రాజయ్యాడు.

భిక్షువు లెక్కకట్టాడు. పంచాంగకర్త కొడుకు దుర్భిణి పట్టాడు. మరి రాహువు సంగతి?

కథ అందరికీ తెలిసిందే. అమృతం పంచుతుంటే ఒక రాక్షసుడు దేవతల వరుసలో దొంగతనంగా కూర్చున్నాడు. సూర్యచంద్రులు పట్టిచ్చారు. విష్ణుచక్రం తల తెంచింది. తల రాహువు, మొండెం కేతువు. పగ చల్లారక అప్పుడప్పుడూ సూర్యుణ్నీ చంద్రుణ్నీ మింగుతుంటారు. ఎంత అందమైన కథ! మనవడిని ఒళ్లో పెట్టుకుని చెప్పినంతసేపూ ఎవరికీ ఏ హానీ లేదు.

అయితే ఆ కథ చెప్పుకునే దేశంలోనే క్రీ.శ. 499లో ఆర్యభటుడు తేల్చి చెప్పేశాడు. సూర్యుణ్ని చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ని భూమి నీడ కప్పుతుంది. వరాహమిహిరుడూ రాహువు కారణం కాదన్నాడు. 628లో బ్రహ్మగుప్తుడు మాత్రం ఎదురుతిరిగాడు. లోకమంతా నమ్మే రాహువును కాదంటారా అని కసిరాడు. విచిత్రమేమిటంటే, అదే గ్రంథంలో గ్రహణం లెక్క కట్టడానికి ఆయన వాడింది కూడా నీడ కొలతలే. నాలుగు వందల ఏళ్ల తర్వాత అల్‌బిరూనీ అది చదివి, ఇంత గొప్ప గణితజ్ఞుడు ఇలా ఎందుకన్నాడని నొచ్చుకున్నాడు.

లెక్కలో రాహుకేతువులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. చంద్రుడి దారి సూర్యుడి దారికి 5 డిగ్రీలు వాలి ఉంటుంది. రెండు దారులూ రెండు చోట్ల ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఆ రెండు బిందువులే రాహువు, కేతువు. అమావాస్య నాడు చంద్రుడు ఆ బిందువు దగ్గర ఉంటేనే గ్రహణం. లేదంటే పైనుంచో కిందనుంచో జారుకుంటాడు. అందుకే ప్రతి అమావాస్యకూ గ్రహణం రాదు. 1980లో వనపర్తి ఇంటి గోడకు వేలాడిన పంచాంగంలో గ్రహణం ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో వేసింది ఈ లెక్కతోనే. రాక్షసుడు ఆకలేసినప్పుడు వచ్చేవాడైతే ముందుగా వేళ అచ్చు వేయడం ఎవరి తరమూ కాదు.

మూడున్నర.

వెలుగు రంగు మారింది. సాయంత్రపు పసుపు కాదది, సీసం లాంటి వెలుగు. గాలి చల్లబడింది. వేపచెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలైపోయాయి. వేలకు వేల నెలవంకలు, ఒకదాని మీద ఒకటి, వాకిలంతా చేప పొలుసుల్లా. కాకులు గోలగా చెట్లకు మళ్లాయి. వనపర్తి రాజుగారి ప్యాలెస్‌లో అప్పటికి రెండు దశాబ్దాలుగా పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోటలో కాలేజీ నడుస్తోంది. కటకాల గురించి, కాంతి గురించి నల్లబల్ల మీద రాసే ఆ గదులు కూడా ఖాళీగానే ఉన్నాయి.

కృష్ణ ఒడ్డున మాత్రం జనం ఉన్నారు.

గద్వాల దగ్గరి నది అగ్రహారంలో, బీచుపల్లిలో, కింద సోమశిలలో గ్రహణం వేళ పట్టు స్నానం, విడుపు స్నానం తరతరాల ఆచారం. మొలలోతు నీళ్లలో నిలబడి, తడిబట్టల్లో వణుకుతూ, పెదవుల మీద జపం ఆడుతుండగా, ఇంట్లో వాళ్లందరూ తలుపులు బిగించుకున్న ఆ వేళకు ఈ మనుషులు ఆకాశం కింద, నట్టనడి నదిలో, తమకు తెలియకుండానే చంద్రుడి నీడ సరిగ్గా పడబోయే చోట నిల్చున్నారు. వాళ్లను నదిలో నిలబెట్టింది భక్తే. కోడలిని చీకటి గదిలో పడుకోబెట్టిందీ భక్తే. నమ్మకాన్ని ఒకే గాటన కట్టి తిట్టేవాళ్లు ఈ తేడా చూడరు.

మూడూ ముప్పావు ప్రాంతం. పడమటి దిక్కు నల్లబడింది. వాన మబ్బు కాదు. నేల మీద పరుగెత్తుకొస్తున్న చీకటి.

ఒక్క క్షణం సూర్యుడి అంచు తెగి పూసల్లా విడిపోయింది. చివరి పూస భగ్గుమని వెలిగి, వజ్రపుటుంగరమై, ఆరింది.

చీకటి!

సూర్యుడున్న చోట నల్లటి గుండ్రటి రంధ్రం. దాని చుట్టూ అన్ని దిక్కులకూ వెండి రేకులు విచ్చుకున్నాయి. అది కరోనా, సూర్యుడి పై వాతావరణం. లక్షల డిగ్రీల వేడి, అయినా మామూలు రోజుల్లో ఆ వెలుగు కంటికి ఆనదు. సూర్యుడి మీద మచ్చలు అత్యధికంగా ఉండే కాలమది, అందుకే రేకులు చుట్టూ నిండుగా పరుచుకున్నాయి. పైన శుక్రుడు తళతళలాడాడు. దిక్కుల అంచున చుట్టూరా ఎర్రటి సంధ్య. పట్టపగలు నాలుగు దిక్కులా పొద్దుగుంకినట్టు. భూమ్మీద ఏదో ఒక ఊరిని తీసుకుంటే, సంపూర్ణ సూర్యగ్రహణం అక్కడికి సగటున 375 ఏళ్లకోసారి వస్తుంది. వనపర్తికి 111 ఏళ్లలో రెండోసారి వచ్చింది.

సుమారు రెండు నిమిషాలు. అంతే.

ఆ రెండు నిమిషాలకు ముందు, చీకటి గదిలో ఒకటి జరిగింది.

పెంకుటిల్లు. ఎంత మూసినా బంగళా పెంకుల మధ్య ఎక్కడో చిన్న సందు ఉంటుంది. ఆ సందులోంచి ఎండ నేల మీద రోజూ పడేదే. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద గుండ్రటి చుక్క. ఎవరూ పట్టించుకోరు. గది ఎంత చీకటైతే ఆ చుక్క అంత స్పష్టం. అది ఉత్త వెలుగు చుక్క కాదు. చిన్న రంధ్రంలోంచి దిగిన సూర్యుడి బొమ్మ. రెండున్నర నుంచి ఆ బొమ్మకు ఒక పక్క కొరుకు పడుతూ వచ్చింది. సగమైంది. కొడవలైంది. చాప మీద వెల్లకిలా పడుకున్న పిల్ల, కదలొద్దన్నారు కాబట్టి, తల మాత్రం తిప్పి దాన్నే చూస్తోంది.

"అత్తమ్మా, సూర్యుడు ఇంట్లకొచ్చిండు."

పెద్దావిడ పరుగున వచ్చింది. గుండె జారిపోయింది. వంగి కొంగు కప్పింది. వెలుగు కొంగు మీదికెక్కింది. చెయ్యి అడ్డం పెట్టింది. చేతి మీదికెక్కింది. అరచేతిలో సన్నటి వెండి కొడవలి. చూస్తుండగానే గీత అయింది. గీత కాస్తా పోయింది.

గది కన్ను పొడుచుకున్నా కనబడనంత చీకటి. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

గ్రహణం చూడకూడదని తలుపులన్నీ బిగిస్తే ఆ ఇల్లే పెద్ద కెమెరా అయింది. దుర్భిణి ఉన్నవాళ్లకు కూడా శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి అదే: సూర్యుడి వైపు చూడకు, నేల మీద పడ్డ బొమ్మ చూడు. ఆ మధ్యాహ్నం ఈ మూడు ఊళ్లలో గ్రహణాన్ని కళ్లకు ఏ హానీ లేకుండా, మొదటి నుంచి చివరిదాకా చూడగలిగే వీలు కలిగింది చీకటి గదుల్లో బంధించిన ఆడవాళ్లకే.

వెలుగు తిరిగొచ్చింది. కోళ్లు కూశాయి. ఐదు దాటేసరికి గ్రహణం పూర్తిగా విడిచింది. ఇల్లు కడిగారు. తలస్నానాలు చేశారు. జాడీల మీది గరిక తీసేశారు. పిల్లలు పళ్లెం చుట్టూ చేరారు. విడవగానే పడిపోవాలి కదా!

రోకలి ఇంకా నిలబడే ఉంది.

పడదు. రోకలి అడుగున ఇనప పొన్ను ఉంటుంది. అరిగి చదునైన పొన్ను. బరువు నిలువుగా ఆ చదును మీద దిగేలా జాగ్రత్తగా చేతులు వదిలితే రోకలి ఏ వారమైనా, ఏ తిథినాడైనా నిలబడుతుంది. గ్రహణం లేని రోజున ఎవరూ నిలబెట్టి చూడరు, అంతే. పెద్దావిడ దాన్ని మెల్లగా తీసి మూలకు చేరేసింది. ఎవరూ ఏమీ అనలేదు.

రోకలి దగ్గర ఆగిపోతే ఇది పండగలాంటి కథే. పక్క గదిలో మాత్రం అది తల్లి మీద నింద దాకా పోయింది.

బిడ్డ పై పెదవి కడుపులో నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య కూడుకుంటుంది. అంగిలి తొమ్మిదో వారం ప్రాంతానికి మూసుకుంటుంది. రెండు వైపుల నుంచి వచ్చే కండ మధ్యలో కలవకపోతే చీలిక మిగులుతుంది. వంశంలో ఉండటం, తల్లికి ఫోలిక్ ఆమ్లం చాలకపోవడం, పొగాకు పొగ, కొన్ని రకాల మందులు దానికి కారణాలు కావచ్చు. అంటే కడుపు పైకి కనబడే నాటికే, చీకటి గదిలోకి పంపాలన్న ఆలోచన అత్తగారికి వచ్చే నాటికే, ఆ పెదవి సంగతి ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. చాలాసార్లు తల్లికి నెల తప్పిన సంగతి రూఢి అయ్యేలోపే అయిపోతుంది. ప్రపంచంలో దాదాపు 700 మంది పిల్లల్లో ఒకరు ఇలా పుడుతూనే ఉన్నారు. గ్రహణం కనిపించిన దేశంలోనూ పుడుతున్నారు, కనిపించని దేశంలోనూ పుడుతున్నారు.

అయినా బిడ్డ అలా పుట్టగానే ఊరు మొదట అడిగే ప్రశ్న ఒకటే. "గ్రహణం నాడు ఏం కోసినవే?" బాలింత మంచం మీద ఉన్న మనిషి నెలల వెనక్కి వెళ్లి వెతుక్కుంటుంది. ఆ రోజు కూరగాయ తరిగానా? చీర మడతపెట్టానా? చెయ్యని తప్పును తవ్వి తలకెత్తుకుంటుంది. పురాణం ఆమెను ఏమీ అనలేదు. రాహువు కథలో గర్భిణి ప్రసక్తే లేదు. మనమే ఆమెను తెచ్చి ఆ కథలో ముద్దాయిని చేశాం. ఇది అన్యాయం. పగలంతా మంచినీళ్లు కూడా ఇవ్వకుండా కడుపుతో ఉన్న మనిషిని పడుకోబెట్టడం అంతకంటే అన్యాయం.

1868లో వనపర్తి వచ్చిన మనిషి ఇలాంటి భయాలకు విరుగుడు తన పద్ధతిలో వెతికాడు. రఘునాథాచారి ఎవరి దేవుణ్నీ ఎగతాళి చెయ్యలేదు. సిద్ధాంత గ్రంథాలను పారేయమనలేదు. పాత లెక్కలు కాలం గడిచేకొద్దీ ఆకాశానికి దూరమవుతున్నాయని, దుర్భిణితో చూసి సరిదిద్దుకోవాలని పట్టుబట్టాడు. అలా సరిదిద్దిన దృగ్గణిత పంచాంగం తెచ్చాడు. ఛాందసులకు అది రుచించలేదు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచిపోయే అరుదైన ఘట్టం వస్తుంటే, అదేమిటో జనానికి ముందుగా తెలియాలని చిన్న పుస్తకం రాశాడు. ఇంగ్లీషులో రాసి ఊరుకోలేదు. కన్నడంలోకి, ఉర్దూలోకి కూడా తెప్పించాడు. నల్లటి చుక్క సూర్యుడి మీద కనిపించగానే జనం బెదరకూడదని ఆయన తాపత్రయం. 1872లో లండన్ రాయల్ ఖగోళ సంఘం సభ్యత్వం దక్కింది. 1880 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. సరిగ్గా వందేళ్ల తర్వాతి ఫిబ్రవరిలో, ఆయన దుర్భిణి నిలబెట్టిన ఊరి మీదే ఆ నీడ మళ్లీ నడిచింది. అప్పటికి ఆ ఊళ్లో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎందరున్నారు?

ఆ రోజు చీకటి గదుల్లో పడుకున్న తల్లులు ఇవాళ నాయనమ్మలు, అమ్మమ్మలు. ఒకే పాలమూరు జిల్లాగా ఉన్న నేల 2016లో విడిపోయి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు వేరు జిల్లాలయ్యాయి. గ్రహణం నాడు గుళ్లు ఇప్పటికీ మూస్తున్నారు, శ్రీకాళహస్తి మాత్రం తెరిచే ఉంటుంది. మూసేవాళ్లు మూసుకోనివ్వండి. స్నానం చేసేవాళ్లు చేయనివ్వండి. జపం ఎవరికీ చెరుపు చెయ్యదు.

2031 మే 21న కేరళ, తమిళనాడు మీదుగా కంకణ సూర్యగ్రహణం వెళుతుంది. మన దగ్గర సూర్యుడు పాక్షికంగా మూసుకుపోతాడు. ఆ రోజు కడుపుతో ఉన్న కోడలికి వేళకు అన్నం పెట్టండి, నీళ్లివ్వండి, ఎటు కావాలంటే అటు తిరిగి పడుకోనివ్వండి. గ్రహణం కోసం తయారుచేసిన కళ్లద్దాలు లేకుండా ఎవరూ సూర్యుడి వైపు చూడకండి. అవి దొరక్కపోతే అట్టముక్కకు సూదితో బెజ్జం చేసి, వీపు సూర్యుడి వైపు పెట్టి, గోడ మీద పడే బొమ్మ పిల్లలకు చూపించండి. మీ వీధిలో పెదవి చీలి పుట్టిన బిడ్డ ఉంటే తల్లిని ఏమీ అడక్కండి. అంగన్‌వాడీకి తీసుకెళ్లమనండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ పిల్లలకు ఆపరేషన్ ఉచితం. బిడ్డకు మూడు నెలలు నిండాక, ఆరోగ్యం చూసుకుని డాక్టర్లు పెదవి కుట్టగలరు.